కళ్లమైన రోడ్డు

దాళ్వా కోతల వేళ కోనసీమ కాలువగట్ల మీద ప్రయాణించారా? ఒకపక్క కొబ్బరిచెట్లు, ఒకపక్క నీళ్లు, నడుమ సగం రోడ్డు మేర ఆరబోసిన ధాన్యం, దాని చుట్టూ రాళ్లు. మిగిలిన సగంలోనే బస్సూ, మోటారు సైకిలూ. గింజల మీద చక్రం ఇసుకలో జారినట్టు జారుతుంది. చీకటిపడితే రాళ్లు కనబడవు. కారుకు అది కుదుపు, మోటారు సైకిలుకు ప్రాణాపాయం.

బాధ్యత ఎవరిది? రోడ్డే గోతులుపడితే చట్టముంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 198ఎ సెక్షను ప్రకారం, నిర్మాణ, నిర్వహణ ప్రమాణాలు పాటించనందున ఎవరైనా మరణించినా, వికలాంగులైనా ఆ రోడ్డుకు బాధ్యులైన అధికారులకు, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల వరకు జరిమానా. గొయ్యి తవ్వి కప్పనివాడు అందులో పడి చచ్చిన ఎద్దుకు వెల చెల్లించాలని నిర్గమకాండము 21వ అధ్యాయం ఏనాడో విధించింది.

మరి ధాన్యం? తేమ 17 శాతం మించితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. ఆరబెట్టడానికి రైతుకు కళ్లం లేదు. అతన్ని దూషించలేను. అయినా ఆ రాళ్లు పెట్టింది అధికారి కాదు, కాంట్రాక్టరూ కాదు. పంచాయతీని కళ్లం అడుగుదాం, తప్పక అడగాలి. అది వచ్చేదాకా పొద్దుగూకకముందే ధాన్యం కుప్పచేసి, రాళ్లు గట్టు దిగువకు చేర్చవచ్చు. ఇద్దరు మనుషులకు అరగంట పని.