పేలు, సిగ్గు, తీరిక

సాహిత్య పత్రికలో పేలను గురించి వ్యాసమేమిటని కొందరు పాఠకులు ఆశ్చర్యపడవచ్చు. నేను చెప్పబోయేది పేలను గురించే. కాని పేలతోబాటు నా బుద్ధిని గురించి కూడా చెప్పవలసి వస్తున్నది. ఆ రెండో విషయమే లేకపోతే ఈ పనికి ఒక కరపత్రం చాలు.

2024 జూన్‌లో బళ్ళు తెరిచిన పదిహేను రోజులకు మా అమ్మాయి తలలో పేలు పడ్డాయి. అప్పుడు మూడో తరగతి, మార్కాపురంలోనే ఒక ప్రైవేటు బడి. నేను మందుల షాపులో లోషను సీసా కొని, పట్టించి, పది నిమిషాలాగి తలంటి, చచ్చిన పేలను లెక్కపెట్టి తృప్తి పడ్డాను. మూడు వారాలు తిరిగేసరికి మళ్ళీ పడ్డాయి. మళ్ళీ సీసా. ఆగస్టులో మూడోసారి. ఈసారి బడివాళ్ళు డైరీలో ఎర్రసిరాతో రాసి పంపారు: ఇంట్లో శుభ్రత పాటించండి, పూర్తిగా తగ్గేదాకా పిల్లను పంపవద్దు. తెలుగు ఎమ్మే చదివి, కాలేజీలో పాఠాలు చెప్పుకునే దానికి శుభ్రత పాటించమని చీటీ! ఆ రోజు నాకు కలిగిన అవమానం ఎక్కడో ఒకచోట దిగాలి. అవమానం నీళ్ళలాంటిది, పల్లానికే దిగుతుంది.

మా ఇంట్లో పనిచేసే ఆమెకు తొమ్మిదేళ్ళ కూతురున్నది. ఆమె లోగడ పలకల ఫ్యాక్టరీలో పనిచేసింది. అనేక రాష్ట్రాల పిల్లలు ఒకప్పుడు మార్కాపురం పలకల మీదనే అక్షరాలు దిద్దుకున్నారు. నోటు పుస్తకాలూ ప్లాస్టిక్ పలకలూ వచ్చి గిరాకీ పడిపోయాక ఫ్యాక్టరీలు చాలా మూతపడ్డాయి. అందులో చెయ్యి తిరిగిన ఆడవాళ్ళు కొందరు ఇళ్ళలో పాచిపనికీ, కొందరు మిరపకాయల కోతలకూ మళ్ళారు. ఆమె కూతురు ప్రభుత్వ బడిలో చదువుకుంటూ, సాయంత్రాలు తల్లి వెంట వచ్చి మా వసారాలో మా అమ్మాయితో ఆడుకునేది. ఇద్దరూ ఒకే పుస్తకం మీదికి వంగి, తలకు తల ఆనించి బొమ్మలు చూసేవాళ్ళు.

నాకు కారణం దొరికిపోయింది. "కొన్నాళ్ళు పిల్లను తీసుకురావద్దు" అన్నాను. ఎందుకో కూడా చెప్పాను. కసరలేదు, మర్యాదగానే చెప్పాను. మర్యాద తప్పకుండా అన్యాయం చెయ్యటం మా మధ్యతరగతికి బాగా పట్టుబడిన విద్య. ఆమె "సరేలెమ్మా" అని అంట్లు తోముకుని వెళ్ళిపోయింది.

వినాయక చవితి నాడు పందిరి దగ్గర ఆ పిల్ల కనిపించింది. తలకు తువ్వాలు చుట్టుకుని వున్నది. తువ్వాలు కింద గుండు.

"ఏదన్నా మొక్కు వుందా?" అని తల్లిని అడిగాను.

"మొక్కేం లేదమ్మా. మీరంటిరి గదా. రోజూ కూచోబెట్టుకోని దువ్వేదానికి నాకు టయిం యాడుంది? తీపిచ్చేసినా" అన్నది.

బళ్ళో పిల్లలు వెక్కిరిస్తున్నారని ఆ పిల్ల వారం నుంచి బడికి పోవటం లేదట. గుండు చేయించుకున్న మగపిల్లవాడిని ఎవరూ పట్టించుకోరు. ఆడపిల్ల గుండుకు మాత్రం ఏదో ఒక మొక్కు సాక్ష్యం పలకాలి.

సెప్టెంబరు ఆఖరున మా అమ్మాయి తలలో నాలుగోసారి పేలు పడ్డాయి. ఆ పిల్ల మా గడప తొక్కి నెల దాటింది. ఆమె తలమీద పేను నిలిచేందుకు వెంట్రుకన్నదే లేదు. నా తీర్పు తప్పని పేలే రుజువు చేశాయి.

అప్పుడు గాని నేను పేనును గురించి చదవలేదు. ఒక మాటకు అర్థం తెలియకపోతే నాలుగు నిఘంటువులు తిరగేసే నేను, ఒక పిల్లను వెలివేసే ముందు నాలుగు పేజీలు చదవలేదు.

పేను ఎగరదు, గెంతదు. తలకు తల తగిలినప్పుడు వెంట్రుక నుంచి వెంట్రుకకు పాకుతుంది. రోజుకు ఆరు నుంచి పది దాకా గుడ్లు పెట్టి, వాటిని కుదుళ్ళ దగ్గర వెంట్రుకలకు జిగురుతో అంటిస్తుంది. అవే ఈపులు. వారం పది రోజుల్లో ఈపి చిట్లి పిల్ల పేను వస్తుంది. మరో తొమ్మిది నుంచి పన్నెండు రోజుల్లో అది పెరిగి మళ్ళీ గుడ్లు పెడుతుంది. తలమీద దాని ఆయుష్షు సుమారు నెల. తలనుంచి రాలిపోతే రక్తం దొరక్క రెండు రోజుల్లో చస్తుంది. నీళ్ళు పోస్తే మునిగి చావదు, వెంట్రుకను పట్టుకుని గంటల తరబడి బతికే వుంటుంది. గనక రోజూ తలంటుకునే తల మీదా, వారానికొకసారి తలంటుకునే తల మీదా దానికి ఒకటే సుఖం. మురికికీ పేనుకూ సంబంధం వున్నదనే మాట అబద్ధం.

నేను వాడిన లోషనులో వున్నది పెర్మెత్రిన్ అనే మందు. అది పాకే పేలను చంపుతుంది గాని ఈపులన్నిటినీ చంపలేదు. అందుకే తొమ్మిదో రోజున, అంటే మిగిలిన ఈపులు చిట్లి, వచ్చిన పిల్ల పేలు ఇంకా గుడ్లు పెట్టకముందే, రెండోసారి పట్టించాలి. నేను ఏనాడూ రెండోసారి పట్టించలేదు. మూడు వారాలకొకసారి పేలు తిరిగి వచ్చిన రహస్యంలో సగం ఇదే. అదీగాక అనేక దేశాల్లో పేలు ఈ మందుకు లొంగకుండా తయారవుతున్నాయి. మందుకు లొంగని పేను దువ్వెనకు లొంగుతుంది. తలను బాగా తడిపి, చిక్కు తీసి, సన్నని పళ్ళ స్టీలు దువ్వెనతో కుదుళ్ళ నుంచి చివర దాకా పాయపాయగా దువ్వాలి. మొదటి రోజు, అయిదో రోజు, తొమ్మిదో రోజు, పదమూడో రోజు ఇలా చేస్తే, చిట్లి వచ్చిన ప్రతి పిల్ల పేనూ గుడ్డు పెట్టే వయసుకు రాకముందే దువ్వెనకు చిక్కుతుంది. జడ పొడుగైతే ఒక్కొక్క తలకూ అరగంట పైనే పడుతుంది.

మనవాళ్ళు తీరిక లేక అడ్డదారులు తొక్కుతారు. కిరసనాయిలు తలను కాలుస్తుంది, నిప్పు అంటుకునే ప్రమాదమూ వున్నది. ఈ నల్లమల అంచున సీతాఫలాలకు కొదవ లేదు గనక గింజలు నూరి పట్టిస్తారు. అది కంట్లో పడితే నల్లగుడ్డు పుండు పడుతుంది. పొలానికి కొట్టే మందు తలకు రాయటమంటే పిల్ల ప్రాణంతో చెలగాటమే.

రహస్యంలో మిగతా సగం మా పనామె బయటపెట్టింది. నేను తప్పయిందని చెప్పటానికి వాళ్ళింటికి వెళ్ళాను. మాటలు సరిగా రాలేదు. వ్యాసాల్లో ఆత్మవిమర్శ చేసుకున్నంత తేలిక కాదది. ఆమె నా మాటలు పూర్తిగా వినకుండానే "ముందు మీ తల చూడనీండమ్మా" అని నన్ను గుమ్మంలో కూచోబెట్టి, జడ విప్పి, తడిపి, ఒళ్ళో తెల్లగుడ్డ పరచి దువ్వింది.

"మీ తలలోనూ ఉండాయమ్మా" అన్నది.

గుడ్డ మీద తొమ్మిది పేలు పడ్డాయి. నాకు ఒక్కనాడూ దురద పెట్టలేదు. మొదటిసారి పడినప్పుడు నెల దాటినా దురద తెలియకపోవటం మామూలేనట. మా అమ్మాయి రాత్రిళ్ళు నా పక్కనే పడుకుంటుంది. నాలుగుసార్లు ఆ పిల్ల తల శుభ్రం చేసి, నాలుగుసార్లూ నా తలనుంచే మళ్ళీ విత్తనం చల్లాను. అసలు మొదట ఎవరి తలనుంచి ఎవరి తలకు వచ్చాయో ఏ న్యాయస్థానమూ తేల్చలేదు. తేల్చవలసిన పనీ లేదు. చెయ్యవలసింది ఒకేరోజున అన్ని తలలూ చూడటం. నా తల అనుమానితుల జాబితాలో ఎందుకు లేదన్నది మాత్రం నన్ను వేధించే ప్రశ్న.

ఇక్కడ నేను చదువుకున్న సాహిత్యం జ్ఞాపకం వస్తున్నది. మన ప్రబంధ కవులు నాయిక కురులను కారుమబ్బుతోను, తుమ్మెదల బారుతోను పోల్చి అలసిపోలేదు. ఆ కురులను ఎవరు చిక్కు తీశారో, ఎన్ని గంటలు పట్టిందో వారికి అక్కర లేదు. పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందనే సామెత పుట్టించింది జనం, కవులు కారు. పోనీ, మన అభ్యుదయ రచయితల మాటేమిటి? ఆకలిని, అప్పును, వెట్టిని రాశాం. అరుగు మీద ఒకరి తల ఒకరు చూసుకునే ఆడవాళ్ళను, నేను చదివినంతలో, ఊసుపోక కబుర్లాడుకునేవాళ్ళుగానే చిత్రించాం. నిజానికి వాళ్ళు పనిలోనే వున్నారు. అది కూలి లేని పని గనక మన కంటికి తీరికలాగా కనిపించింది.

1919 డిసెంబరులో సోవియట్ల మహాసభలో లెనిన్, అయితే పేలు సోషలిజాన్ని ఓడించాలి, లేకపోతే సోషలిజం పేలను ఓడించాలి అన్నాడు. ఆయన చెప్పింది టైఫస్ జ్వరాన్ని వ్యాపింపజేసే ఒంటిపేనును గురించి. బట్టల మడతల్లో కాపరముండే దాన్ని మనవాళ్ళు చీరపేను అంటారు, చీర అంటే ఒకప్పుడు బట్ట అనే అర్థం గనక. బట్టలు మార్చుకునే వసతి లేని పేదరికానికీ దానికీ తిన్నగా సంబంధమున్నది. ఆ పేను టైఫస్‌ను మోస్తుందని 1909లో నిరూపించిన షార్ల్ నికోల్‌కు 1928లో నోబెల్ బహుమతి వచ్చింది. తలపేను అలాంటిది కాదు, ధనవంతుల పిల్లలకూ పడుతుంది. పేనుకు వర్గం లేదు. దువ్వెన పట్టుకునే తీరికకు మాత్రం వర్గం వున్నది.

ఈ పడమటి ప్రాంతంలో ఆడవాళ్ళ తీరిక ఎక్కడికి పోతున్నదో చూడండి. బోరు నీళ్ళలో ఫ్లోరైడు గనక తాగే నీటికి వేరే వెతుకులాట. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు నీటి కోసం ఒక తరం ఎదురుచూసింది. సంక్రాంతి దాటితే గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతలకు కుటుంబాలు కదులుతాయి. పిల్లల్లో కొందరు వెంట పోతారు, కొందరు చూపు ఆనని అవ్వల దగ్గర మిగులుతారు. ఈపిని చూడాలంటే చూపు కావాలి. రోజు విడిచి రోజు పని దొరికే తల్లికి తొమ్మిదో రోజున ఇంట్లో వుండటం తన చేతిలో లేదు. ఆమెకు మిగిలే మార్గం మంగలి కత్తి.

పిల్లను ఇంటికి పంపటం వల్ల బడికి ఒరిగేదీ లేదు. పేలు కనిపించేనాటికే అవి పడి చాలా రోజులై వుంటుంది. అమెరికాలో పిల్లల వైద్యుల అకాడమీ 2022లో కూడా, పేలున్నాయనో ఈపులున్నాయనో పిల్లలను బడి మాన్పించవద్దనే చెప్పింది. ఇంగ్లండులో 1907 చట్టం బడిపిల్లల ఆరోగ్యం చూడటం ప్రభుత్వ బాధ్యతగా చేసింది, దరిమిలా తలలు చూసే నర్సులు బడికి వచ్చేవాళ్ళు. మనం కోరవలసింది చీటీలను కాదు. తరగతిలో అందరి తలలూ ఒకేరోజున చూసే ఒక మనిషినీ, మందు ఉచితంగా ఇవ్వటాన్నీ, తొమ్మిదో రోజున మళ్ళీ రావటాన్నీ. హాస్టళ్ళ మాటైతే చెప్పనే అక్కరలేదు. వరసగా పడుకునే నలభైమందిలో ఒక పిల్లకు మందు పెట్టి లాభమేమిటి?

అంతవరకు మేం చెయ్యగలిగింది చేశాం. ఆ దసరా సెలవుల్లో వాళ్ళ వీధిలో వేపచెట్టు కింద ఆరుగురు తల్లులం, పదకొండుమంది పిల్లలం పోగయ్యాం. మూడు స్టీలు దువ్వెనలు కొన్నాను. ఒక పాత పలక మీద 1, 5, 9, 13 అని రాసి ఆదివారం మొదలుపెట్టాం. గురువారం, ఆ పై సోమవారం, ఆ పై శుక్రవారం. దువ్వెనలను, రిబ్బన్లను, దిండు గలీబులను వేడి నీళ్ళలో వేశాం. ఎవరి తల ఎవరు చూడాలనే పట్టింపు పెట్టుకోలేదు. పెద్దవాళ్ళ తలలు కూడా చూశాం, నా తల మొదట. పదమూడో రోజున తెల్లగుడ్డ తెల్లగానే వున్నది.

ఇంతటితో పేలు ఓడిపోయాయని రాయటానికి లేదు. 2025 ఏప్రిల్‌లో రెండు కుటుంబాలు మిరప కోతల నుంచి తిరిగి వచ్చాయి. వాళ్ళ పిల్లలు ముగ్గురికి మళ్ళీ పేలు పడ్డాయి. ఈసారి ఎవరూ ఎవరినీ రావద్దనలేదు, ఎవరికీ గుండు చేయించలేదు. "అమ్మా, ఆదివారం మళ్ళా మొదలు పెడతన్నాం, పలక మీ ఇంట్లోనే ఉండాది, తీసుకోని రాండి" అని మా పనామె కబురు చేసింది.

వెళ్ళాను. ఆమె కూతురికి జుట్టు చెవుల దాకా పెరిగింది. చెట్టు కింద మా అమ్మాయి తల తానే దువ్వింది, ఏమీ లేవని గుడ్డ చూపించింది. మా వసారాకు మాత్రం ఆ పిల్ల ఇంకా రావటం లేదు.