కొండదారిలో పెట్రోలు లెక్క

నర్సీపట్నం దాటి చింతపల్లి దారి పట్టితే కొంతసేపటికి మైదానం ముగిసి ఘాటు మొదలవుతుంది. పైకి వెళ్లేకొద్దీ గాలి చల్లబడుతుంది. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిలో శీతాకాలపు ఉదయం పొగమంచు వలన ఎదుటి మనిషి కూడా కనిపించడు. ఆ పైన చింతపల్లి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు తన మన్యం దళంతో పోలీసు స్టేషనుపై దాడి చేసింది ఇక్కడే. 2022లో ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టారు. ఇక్కడి నుండి గూడెం కొత్తవీధి, ఆర్.వి. నగర్, ధారకొండల మీదుగా సీలేరు వరకు దారి కొండల నడుమ సాగుతుంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు, ఆ చెట్లనే అల్లుకొన్న మిరియపు తీగలు కన్నులకు ఎంతో హాయిగా ఉంటాయి.

అయితే ప్రియ పాఠకులారా, ఈ అందం మధ్య మరువరాని సంగతి ఒకటున్నది. లోపలికి వెళ్లేకొద్దీ పెట్రోలు బంకులు అరుదు. తారు రోడ్డు దిగి వాగులు, రాళ్లు దాటి చేరవలసిన గ్రామాలు అనేకం. కొన్ని గ్రామాల నుండి రోగులను నేటికీ డోలీలో మోసుకొని రోడ్డుకు తేవలసి వస్తుంది. అటువంటి చోట మన బండిలోని పెట్రోలు మన ఒక్కరి అవసరానికి మాత్రమే కాదు.

తారు రోడ్డుకూ మట్టిదారికీ పనికివచ్చే బండ్లు ఇప్పుడు ఈ కొండలలో కనిపిస్తున్నాయి. 2019లో వచ్చిన హీరో ఎక్స్‌పల్స్ 200 అటువంటిదే. ఇంజను 199.6 సి.సి., ముందు చక్రం 21 అంగుళాలు, వెనుకది 18 అంగుళాలు, ట్యాంకు 13 లీటర్లు. చాలామంది దానికి బురదలో జారని గడ్డల టైర్లు, పెద్ద వెనుక స్ప్రాకెట్, ఇనుప గార్డులు, సామాను పెట్టెలు బిగిస్తారు. ఒక్కొక్కటీ ఉపయోగమైనదే గాని, ఒక్కొక్కటీ కొంత పెట్రోలు అడుగుతుంది.

వెనుక స్ప్రాకెట్‌కు 40 పళ్లకు బదులు 44 పళ్లది వేస్తే, అదే వేగానికి ఇంజను నూటికి పది చుట్లు ఎక్కువ తిరగాలి. రాళ్ల ఎత్తు సులువుగా ఎక్కుతుంది గాని తారు రోడ్డు మీద మైలేజీ తగ్గుతుంది. గడ్డల టైర్లు నేలను గట్టిగా పట్టుకొంటాయి గాని, వాటిని లాగడానికి ఎక్కువ శక్తి కావాలి. బురద కోసం గాలి తగ్గించినవారు తారు రోడ్డెక్కగానే తిరిగి నింపాలి.

ఇక ఘాటు సంగతి. బండి, మనిషి, సామాను కలిపి 250 కిలోలనుకుందాం. పెట్రోలులోని శక్తిలో నాలుగో వంతు చక్రానికి చేరుతుందనుకుంటే, ఒక కిలోమీటరు నిట్టనిలువు ఎత్తుకు చేరడానికే దాదాపు మూడో వంతు లీటరు అదనంగా కాలుతుంది. బరువు పెరిగితే అదీ పెరుగుతుంది.

దిగేటప్పుడు ఆదా చేద్దామని కొందరు న్యూట్రల్ వేసి, ఇంజను ఆపి జారవిడుస్తారు. ఇది ప్రాణాపాయం. భారమంతా బ్రేకుల మీద పడి అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. పైగా ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో గేరులో ఉంచి యాక్సిలరేటరు పూర్తిగా వదిలితే పెట్రోలు సరఫరా దానంతట అదే ఆగిపోతుంది. గేరులో దిగడమే క్షేమం, అదే పొదుపు.

మైలేజీ తెలుసుకోవడానికి మీటరును మాత్రమే నమ్మకూడదు. గేరుబాక్సు దగ్గర లెక్క తీసుకొనే బండ్లలో పైన చెప్పిన స్ప్రాకెట్ మార్పుతో 100 కిలోమీటర్లు 110గా కనిపిస్తాయి. మైలేజీ తగ్గినా తగ్గలేదనిపిస్తుంది! రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లతో మీటరును సరిచూడండి. ట్యాంకు నిండుగా పోయించి, తిరిగి వచ్చాక మళ్లీ అంతే నింపి, నడిచిన దూరాన్ని పోసిన లీటర్లతో భాగించండి. ఒకసారి కాదు, మూడు నాలుగుసార్లు చేసి, వచ్చిన వాటిలో తక్కువదానినే లెక్కకు తీసుకోండి.

లీటరుకు 40 ఇచ్చిన బండి మార్పుల తరువాత కొండలలో 30 ఇస్తున్నదనుకుందాం. నిండు ట్యాంకుతో 520 వెళ్లవలసినది 390కే ఆగుతుంది. అందులో నాలుగో వంతు దాచి ఉంచితే మిగిలేది సుమారు 290 కిలోమీటర్లు. అదీ రానూ పోనూ కలిపి! ప్లాస్టిక్ సీసాలో పెట్రోలు మోయడం నిప్పుతో చెలగాటం గనుక, నర్సీపట్నంలోనో చింతపల్లిలోనో ట్యాంకు నింపుకోవడమే మేలు.

బయలుదేరే ముందు ప్రార్థన చేసుకొనే అలవాటు మనకున్నది. ఆ తరువాత ట్యాంకు మూత తీసి చూడడం కూడా అలవాటు చేసుకుందాం. దాచిన ఆ నాలుగో వంతు పెట్రోలు మనకు అవసరం కాకపోవచ్చు. కాని దారిలో ఏ తల్లియో జ్వరంతో కాగుతున్న బిడ్డను ఎత్తుకొని నిలబడి ఉంటే, ఆసుపత్రి వరకు రాగలమని వెనుకాడకుండా చెప్పగలుగుతాము.