పొడి పక్క

రాత్రి రెండున్నర గంటలు నాకు కొత్త కాదు. థీసిస్ రాసే రోజుల్లో ఆ వేళకి మా ఇంట్లో నా గది దీపం ఒక్కటే వెలుగుతూ ఉండేది. అప్పుడు చూసినవాళ్ళందరూ 'పాపం, ఎంత కష్టపడుతోందో' అన్నారు. ఇప్పుడూ అదే వేళకి లేస్తున్నాను. తడిసిన పైజామా విప్పి, పాప ఒళ్ళు తుడిచి, డైపర్ మార్చి, దుప్పటి తీసి, కింది రబ్బరు షీటు తుడిచి, ఇంకో దుప్పటి పరిచి, ఏడుస్తున్న పాపని భుజం మీద వేసుకుని జోకొడుతున్నాను. మళ్ళీ పడుకునేసరికి మూడుంపావు. ఈ కష్టాన్ని ఎవరూ కష్టం అనలేదు. అనడం సంగతి అలా ఉంచండి, చూసినవాళ్ళే లేరు.

ఒకరోజు పొద్దున నా సహచరుడు కాఫీ కలుపుతూ "రాత్రి పాప భలే పడుకుంది కదా" అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే సంతోషపడుతూ అన్నాడు. బాల్కనీలో అప్పుడే ఆరేసిన రెండు దుప్పట్ల నించి నీళ్ళు కారుతున్నాయి.

మాకొక పాప. రెండేళ్ళు నిండాయి. పగలంతా క్రెష్‌లో ఉంటుంది. నేను ఒక విశ్వవిద్యాలయంలో కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతూ, స్త్రీల కథల మీద పరిశోధన సాగిస్తున్నాను. ఏడాదిన్నర దాకా బాగానే గడిచిన రాత్రులు ఆ తర్వాత చెడిపోయాయి. వారంలో నాలుగైదు రాత్రులు డైపర్ దాటి పక్క తడిసేది. నిద్ర చాలక మర్నాడు క్లాసులో వాక్యం మధ్యలో ఆగిపోయేదాన్ని. ఒక సెమినార్‌లో నా పేపరు నేనే చదువుతూ ఏ పేజీలో ఉన్నానో మర్చిపోయాను. ఆ పేపరు శీర్షిక 'స్త్రీల కథల్లో కనపడని శ్రమ'!

పరిశోధకురాలిని కదా, దీన్నీ ఒక పరిశోధన సమస్యలాగే పట్టుకున్నాను. వారం రోజులు నోటుబుక్కులో రాశాను. పాలు ఎన్నింటికి తాగింది, ఎన్నింటికి పడుకుంది, ఎటు తిరిగి పడుకుంది, ఎక్కడ తడిసింది... డైపర్ లోపల ఉండే గింజల్లాంటి పదార్థం సోడియం పాలీఅక్రిలేట్. తన బరువుకి ఎన్నో రెట్లు తడిని పీల్చుకుని జెల్లుగా మారుతుంది. కానీ ఆ పీల్చుకోవడానికి కొంత వ్యవధి కావాలి. పసిబిడ్డ కొంచెం కొంచెంగా పోస్తుంది. రెండేళ్ళ పిల్ల గాఢనిద్రలో ఒక్కసారిగా చాలా పోసేస్తుంది. జెల్లు అందుకునేలోపలే ఆ ధార తొడ పక్కనుంచి దారి వెతుక్కుంటుంది. తొడ దగ్గరి కుచ్చుల అంచు లోపలికి మడతపడి ఉంటే ఇంక చెప్పనక్కర్లేదు, తడి ఆ మడత వెంట పైజామాలోకి పాకుతుంది. పక్కకి తిరిగి పడుకునే పిల్లకి తొడ దగ్గర, బోర్లా పడుకునే పిల్లకి పొట్ట దగ్గర కారుతుంది. మా పాప బోర్లా పడుకుంటుంది.

పరిష్కారాలు తెలిశాక ఇంతేనా అనిపించింది. రాత్రి పూటకి ఒక సైజు పెద్దది వాడాలి. నడుము దగ్గర రెండు వేళ్ళు పట్టేంత బిగువు చాలు. పట్టీలు అంటించాక తొడల చుట్టూ వేలు తిప్పి కుచ్చుల అంచు బయటికి లాగాలి. కొబ్బరినూనె రాసిన చేత్తో పట్టీ ముట్టుకుంటే అది పట్టదు, అర్ధరాత్రికి ఊడుతుంది. పడుకునే ముందు ఇచ్చే పాలు గంట ముందుకి జరపాలి. రాత్రి చారన్నం, పుచ్చకాయ ముక్కలు పెట్టి తెల్లారేదాకా పొడిగా ఉండమంటే ఎలా ఉంటుంది? అలాగని దాహమేసిన పిల్లకి నీళ్ళు ఆపకూడదు. పడుకోబెట్టేటప్పుడు తాజా డైపర్ వేయాలి. పక్క మీద రబ్బరు షీటు, దుప్పటి, మళ్ళీ రబ్బరు షీటు, దుప్పటి వరసగా పరిచి ఉంచితే, తడిసిన పై జత లాగేస్తే చాలు. చీకట్లో అల్మారా వెతుక్కునే పని తప్పుతుంది.

పిల్లల డాక్టరుగారు ఇంకో సంగతి చెప్పారు. నిద్రలో మూత్రం తయారీని తగ్గించే హార్మోన్ ఒకటుందనీ, దాని రాత్రి లయ కుదరడానికి, నిండిన మూత్రాశయం నిద్రపోతున్న పిల్లని లేపగలగడానికి కొన్నేళ్ళు పడుతుందనీ, ఐదేళ్ళ దాకా రాత్రి పక్క తడపడాన్ని జబ్బు అనుకోనక్కర్లేదనీ అన్నారు. ధైర్యంగానే అనిపించింది. బయటికొచ్చాక మనసులో లెక్క వేసుకున్నాను. మన దేశంలో 2017లో ప్రసూతి సెలవుని 12 వారాల నుంచి 26 వారాలకి పెంచారు. దానికోసం ఎందరు పోరాడారో తెలిసినదాన్ని, దాన్ని తక్కువ చెయ్యను. కానీ సెలవు 26 వారాలు. రాత్రులు ఐదేళ్ళు.

నేను చదివిన సలహాలన్నిటిలో ఒకటి గమనించాను. ఏ పుస్తకంలోనైనా, డైపర్ ప్యాకెట్టు మీదనైనా 'మీరు' అంటే తల్లే. 'మీరు రాత్రి ఒకసారి లేచి చూడండి.' తండ్రిని ఉద్దేశించి రాసినప్పుడు 'సాయం చెయ్యండి' అని ఉంటుంది. పక్క తడిస్తే లోపం కంపెనీది కాదు, పిల్ల వయసుదీ కాదు, సరిగ్గా తొడగని తల్లిది. నాకూ అలాగే అనిపించేది. తడిసిన దుప్పటి చేతికి తగలగానే ముందు వచ్చేది కోపం కాదు, నేరం చేసినట్టుండే సిగ్గు. ఇన్నేళ్ళు జెండర్ గురించి చదివీ చెప్పీ, అర్ధరాత్రి ఆ సిగ్గుని మాత్రం ఏ సిద్ధాంతంతోనూ ఆపలేకపోయాను.

నా థీసిస్ తీసి చూసుకున్నాను. వంటింటి గురించి దాదాపు అరవై పేజీలున్నాయి. ఉండాల్సిందే. 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' చదువుకుని పెరిగిన తరం మాది, విమల 'వంటిల్లు' కవితతోనే మా చర్చలు మొదలయ్యేవి. కానీ రాత్రి గురించి నేను రాసిందంతా శృంగారం గురించో, హింస గురించో. పిల్ల పక్క మార్చడానికి లేచే రాత్రి ఒక్క పేజీలో కూడా లేదు. కథల్లో లేదా, ఉన్నా నాకు కనపడలేదా? ఇప్పుడు మళ్ళీ చదువుతుంటే అక్కడొక వాక్యం, ఇక్కడొక వాక్యం దొరుకుతోంది. అప్పుడు నేను వాటిని వాతావరణ వర్ణన అనుకుని దాటేశాను.

2019లో మన దేశంలో జరిగిన కాల వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు దానిమీద రోజుకి సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, అదే పని చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. ఈ అంకెల్ని నా పేపర్లలో చాలాసార్లు వాడుకున్నాను. తెల్లవారుజాము నాలుగు నుంచి మర్నాడు నాలుగు దాకా రోజుని అరగంట గడులుగా విడగొట్టి అడిగారు. నేను లేచి దుప్పటి మార్చిన ముప్పావు గంట ఆ గడుల్లో ఎక్కుతుందేమో. కానీ పడుకుని కూడా చెవి ఒకటి పాప మీద వేసి ఉంచే మిగతా గంటల్ని ఏమని రాస్తారు? నిద్ర అనే రాస్తారు. అడిగితే నేను కూడా నిద్ర అనే చెబుతాను.

ఒక రాత్రి అతన్ని లేపాను. ఇందులో గొప్పేం లేదు, రెండేళ్ళు ఎందుకు లేపలేదన్నదే ప్రశ్న. 'పొద్దున్నే ఆఫీసు' అనుకునేదాన్ని. నాకు మాత్రం క్లాసు లేదా?

"పాప తడిపింది. ఇవాళ నువ్వు చూడు."

లేచాడు. విసుక్కోలేదు. మంచివాడే. "గుడ్డలెక్కడుంటాయి?"

"అల్మారాలో."

"ఏ అల్మారా?"

ఐదేళ్ళుగా ఉంటున్న ఇల్లు. ఉన్నవి రెండే అల్మారాలు. 'సర్లే, పడుకో, నేను చూస్తాలే' అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. మా అమ్మ, మా అత్తగారు, మా పెద్దమ్మ అందరూ జీవితాంతం అన్న మాట అదే. ప్రేమతో అన్నారు, కొంత గర్వంతో కూడా అన్నారు. పిల్ల పని మనకే చేతనవునన్న గర్వం. అది నాలోనూ ఉందని ఆ క్షణంలో తెలిసింది. ఏం మాట్లాడకుండా పడుకున్నాను. అతను కట్టిన డైపర్ ఐదింటికి మళ్ళీ కారింది. కుచ్చులు లోపలికి మడతపడ్డాయి. నిజం చెప్పాలంటే, నాకు లోపల్లోపల కాస్త సంతోషమేసింది కూడా. మూడు వారాలకి అతనికీ చెయ్యి తిరిగింది. ఇది మాతృహృదయానికి మాత్రమే పట్టుబడే విద్యేం కాదని తేలింది. అంచు బయటికి లాగితే చాలు.

ఇక్కడితో ఈ వ్యాసం ఆపేస్తే బాగానే ఉండేది. మా అమ్మతో ఫోన్లో మాట్లాడకపోయి ఉంటే ఆపేసేదాన్నేమో.

అమ్మ వరంగల్‌లో ఉంటుంది. రాత్రుల సంగతి చెబితే నవ్వింది. "మాకియ్యన్ని యాడియి బిడ్డా? పాత చీరెలు చింపి మడతలు వెట్టుడు, కింద బొంత ఏసుడు. రాత్రి నాలుగు సార్లు లేచుడు. తెల్లారితే గంపెడు గుడ్డలు."

"ఆ గుడ్డలన్నీ ఎవరు ఉతికేవాళ్ళమ్మా?"

"పురుడయినంక ఇరవయ్యొక్క దినాలు చాకలామె ఉతికింది. ఆ తర్వాత నేనే."

"ఆమె పేరేంటి?"

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అందరం చాకలామె అనే అంటుంటిమి" అంది. చిన్న గొంతుతో అంది.

నేను పుట్టిన మొదటి మూడు వారాల తడిని తన చేతులతో ఉతికిన మనిషి పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. డైపర్ కనిపెట్టిన వాళ్ళ వివరాలు మాత్రం నాకు కంఠతా వచ్చు. 1940లలో మారియన్ డోనవన్ అనే అమెరికన్ తల్లి పిల్లల పక్కలు మార్చి మార్చి విసిగి, స్నానాల గది కర్టెన్‌ని కత్తిరించి, తడి కారని కవరు కుట్టింది. 1951లో పేటెంట్లు వచ్చాయి. వాడి పారేసే కాగితపు డైపర్ గురించి చెబితే తయారీదారులు పట్టించుకోలేదు. 1961లో ప్రాక్టర్ అండ్ గాంబుల్ కంపెనీ పాంపర్స్‌ని బజారులోకి తెచ్చింది. ఇదంతా ఒక స్త్రీ రాత్రి శ్రమలోంచి పుట్టిన ఆవిష్కరణ అని క్లాసులో ఉత్సాహంగా చెప్పాను కూడా. 'వాడి పారేసే' అన్న మాటలో, పారేశాక తీసేదెవరన్న ప్రశ్న ఉందని నాకు తట్టలేదు.

మా వీధికి పొద్దున ఆరున్నరకి చెత్త ఆటో వస్తుంది. భార్యాభర్తలిద్దరూ వస్తారు. అతను బండి నడుపుతాడు, ఆమె సంచులందుకుని తడి చెత్త, పొడి చెత్త వేరు చేస్తుంది. ఒకరోజు గేటు దగ్గర మేం పెట్టిన సంచిని కుక్కలు చింపాయి. రాత్రి డైపర్ రోడ్డు మీద పడింది. ఉబ్బి, పగిలి, ఆ జెల్లంతా బయటికొచ్చి... నేను మెట్లు దిగేలోపే ఆమె వట్టి చేతుల్తో ఎత్తేసింది.

"అయ్యో, చేతులకి తొడుగులు లేవా?"

"ఉన్నయక్కా. చెమటకు జారుతయ్. ముడి విప్పరాదు."

ఏం మాట్లాడాలో తోచక "మీకు చిన్నపిల్లలున్నారా?" అని అడిగాను.

"మా చిన్నోడు మూడేండ్లోడు. మేం నాల్గింటికే లేస్తం గదక్కా, వానికి ఉచ్చ పోయించి మళ్ల పండవెడ్త. ఆనక మా అత్త జూస్కుంటది."

వాడిన డైపర్లని తయారీదారులిచ్చిన సంచిలోనో, తగిన కాగితంలోనో గట్టిగా చుట్టి ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు చెప్పాయి. నేను కొన్న ఏ ప్యాకెట్టులోనూ అలాంటి సంచి కనపడలేదు. కనపడలేదని నేను ఎవర్నీ అడగలేదు కూడా. పాప పక్క పొడిగా ఉంటే చాలనుకున్నాను. ఆ తడి ఇంకెక్కడికి పోతోందో చూడలేదు. పూర్వం చాకలామె చేతుల్లోకి, ఇప్పుడు ఈమె చేతుల్లోకి. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు'ని ఏటా పాఠంగా చెబుతాను. స్త్రీలందరి శ్రమా ఒకటి కాదని దళిత స్త్రీలు వేసిన ప్రశ్నని బోర్డు మీద రాస్తాను. ఆ ప్రశ్న మా గేటు దాకా రోజూ వస్తూనే ఉంది. సహచరుడితో నిద్రని సగం సగం పంచుకోవడం నాకు విజయంలా అనిపించింది. మేమిద్దరం పంచుకున్నది మా ఇంట్లో మిగిలిన భాగాన్నే.

ఇప్పుడు పగలు గుడ్డలే వాడుతున్నాం. ఉతకడం వంతులవారీగా. రాత్రికి మాత్రం డైపర్ మానలేకపోయాను, మానేశానని అబద్ధం చెప్పను. మలం ఉంటే లెట్రిన్‌లో వేసి, డైపర్‌ని చుట్టి, పట్టీలతో బిగించి, న్యూస్‌పేపర్లో కట్టి, పైన ఎర్ర స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టి, గేటు దగ్గర వదలకుండా ఆటో వచ్చినప్పుడు విడిగా ఇస్తున్నాం. ఇది ఆమె బతుకుని మార్చదు. ఆమె విప్పాల్సిన ముడులు ఒకటి తగ్గుతుంది, అంతే. ఆమె పేరు అడిగి తెలుసుకున్నాను. ఆమె అనుమతి లేకుండా ఇక్కడ రాయడం లేదు.

థీసిస్‌ని పుస్తకంగా వెయ్యమని మిత్రులు అడుగుతున్నారు. రాత్రి గురించి ఒక అధ్యాయం చేర్చి ఇస్తానన్నాను. రెండున్నరకి మా గదిలో మొదలుపెడదామని ముందు అనుకున్నాను. ఇప్పుడు నాలుగింటికి, ఇంకో ఇంట్లో, నిద్రలో ఉన్న మూడేళ్ళ పిల్లవాణ్ణి లేపుతున్న తల్లి దగ్గర మొదలుపెట్టాలనుకుంటున్నాను. రాయమంటుందో, వద్దంటుందో ముందు ఆమెని అడగాలి.