బ్రేక్ మీదికెల్లి కాలు తియ్యి చెల్లె!

హైదరాబాద్‌లో కారు నేర్పించే డ్రైవింగ్ స్కూలు మాస్టారు మొదటిరోజే మూడు ముక్కలు చెబుతాడు. హారన్ మీద వేలు, బ్రేక్ మీద కాలు, ముందు బండికీ మనకీ మధ్య ఇంకొకడు దూరలేనంత సందు. ఈ మూడూ ఒంటబట్టాయంటే కూకట్‌పల్లి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా బెంగ లేకుండా వెళ్లిపోవచ్చు. అదే చదువుతో అమెరికాలోని మిన్నెసోటాలో జనవరి నెలలో రోడ్డెక్కితే? మొదటి సిగ్నల్ దగ్గరే తేలిపోతుంది. బ్రేక్ తొక్కుతారు. కాలి కింద పెడల్ గడగడలాడుతుంది. కారు మాత్రం తన దారిన తాను తాపీగా ముందుకు జారిపోతూనే ఉంటుంది!

కెనడా సరిహద్దును ఆనుకుని ఉన్న రాష్ట్రం మిన్నెసోటా. మన హైదరాబాద్, సికింద్రాబాద్‌ల్లా అక్కడా జంటనగరాలున్నాయి... మిన్నియాపాలిస్, సెయింట్‌పాల్. జనవరిలో సగటున పగలు మైనస్ 5, రాత్రి మైనస్ 13 డిగ్రీలు. 2019 జనవరి 30న ఏకంగా మైనస్ 33కి పడిపోతే పోస్టు బట్వాడా కూడా ఆపేశారు. ఏడాదికి సగటున 50 అంగుళాల మంచు కురుస్తుంది. 1991 అక్టోబర్ 31న మొదలైన మంచు తుపానైతే నాలుగు రోజుల్లోనే 28 అంగుళాలు పోసి వెళ్లింది. అలాంటిచోట ఉద్యోగాల కోసమో, చదువుల కోసమో వెళ్లి స్థిరపడిన మన తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. పుట్టి బుద్ధెరిగాక వడగళ్లు తప్ప ఇంకో మంచు చూడనివాళ్లు అక్కడ రోడ్డెక్కడం ఎలా నేర్చుకుంటారు?

నేనక్కడికి వెళ్లింది జనవరి మధ్యలో, సంక్రాంతి వెళ్లిన వారానికి. ఈడెన్‌ప్రెయిరీ అనే ఊళ్లో మా పెద్దనాన్న కొడుకు, వదిన ఉంటారు. వదినది తెనాలి. కాలేజీ రోజుల్లో స్కూటీ, పెళ్లయ్యాక కూకట్‌పల్లిలో నాలుగేళ్లు ఆల్టో నడిపిన మనిషి. అలాంటిది అక్కడ దిగిన మొదటి చలికాలం మూడు నెలలు గడప దాటలేదట. బస్సు రాదు. ఆటో లేదు. కూరగాయల కొట్టు మూడు మైళ్లు. మైనస్ 20లో పాపని చంకనేసుకుని నడిచి వెళ్లే ముచ్చటే లేదు. 'కొత్తిమీర కట్ట కావాలన్నా మీ అన్నయ్య ఆఫీసు నుంచి వచ్చేదాకా కూర్చోవాలి. తెనాల్లో పదహారేళ్లకే బండి తీసిన దాన్ని, అక్కడికెళ్లి చిన్నపిల్లనైపోయాను' అంది వదిన. ఉద్యోగం చేసే భర్త వెంట డిపెండెంట్ వీసా మీద వెళ్లిన చాలామంది ఆడవాళ్ల మాట ఇదే. ఎండాకాలం దిగినవాళ్లకి లైసెన్సు తీసుకునే వ్యవధి ఉంటుంది. డిసెంబర్, జనవరుల్లో దిగినవాళ్లకి స్టీరింగూ మంచూ ఒకేసారి ఎదురవుతాయి. చలికాలమని డ్రైవింగ్ పరీక్షలు ఆపరు మరి!

భర్త దగ్గర నేర్చుకోవడం అయ్యే పని కాదని రెండో రోజే తేలిపోయిందట. (ఇది ఏ దేశంలోనైనా అంతే!) ఆదుకున్నది పక్కింటాయన. కరీంనగర్ మనిషి, ఇరవై ఏళ్లుగా అక్కడే ఉంటున్నాడు. చుట్టుపక్కల తెలుగు కుటుంబాలన్నీ ఆయన్ని 'అన్న' అనే పిలుస్తాయి. కొత్తగా వచ్చిన కుర్రాళ్లనీ, ఆడవాళ్లనీ శనివారం పొద్దున్నే ఓ చర్చి పార్కింగ్ స్థలానికి తీసుకెళ్తాడు. ముందే అడిగి పెట్టుకున్నాడు. ఆదివారం తప్ప అక్కడ పురుగుండదు, కింద పరిచినట్టు మంచు.

అక్కడ ఆయన నేర్పేది జారడం! అవును, కావాలనే కారుని జారనిస్తాడు. 'గంటకి ఇరవై మైళ్లకి రానిచ్చి, ఇప్పుడు గట్టిగ తొక్కు చెల్లె' అంటాడు. తొక్కగానే పెడల్ కింద రాళ్లు నలిగినట్టు చప్పుడు. కంగారుపడి కాలు తీసేస్తారు కొత్తవాళ్లు. ఆ చప్పుడు ఏబీఎస్‌ది. చక్రాలు బిగుసుకుపోకుండా సెకనుకి చాలాసార్లు బ్రేక్‌ని పట్టి వదులుతుంటుందది. అలా పట్టి వదులుతున్నంతసేపూ స్టీరింగ్ మన మాట వింటుంది. కాబట్టి ఆగాలనుకున్నప్పుడు అదిమి పట్టుకోవాలి. ఇంతవరకూ బాగానే ఉంది. మలుపులో కారు వెనకభాగం పక్కకి జారితే మాత్రం పాఠం తిరగబడుతుంది. అప్పుడు బ్రేకూ వద్దు, యాక్సిలరేటరూ వద్దు. వెనకభాగం కుడికి జారుతుంటే స్టీరింగ్ కూడా కుడికే తిప్పాలి. చూపు మాత్రం గుద్దుకుంటామేమో అని భయపడే దీపస్తంభం మీద కాకుండా, వెళ్లాల్సిన దారి మీదుండాలి. చేతులు ఎటు తిరగాలో చూపే చెబుతుంది.

చెప్పడానికి ఇంతే. కాలే వినదు! ఏళ్ల తరబడి బ్రేక్‌నే నమ్ముకున్న కాలది. మా వదిన మొదటి శనివారం ఏడెనిమిదిసార్లు గిర్రున తిరిగిందట. పక్కసీట్లో కూర్చున్న అన్నది ఒకటే పాట. 'బ్రేక్ మీదికెల్లి కాలు తియ్యి చెల్లె! ఆగమాగం గాకు. కారుకు గూడ జర సోయి రానియ్యి!' నాలుగో శనివారానికి కాలు దానంతటదే లేచింది. నేను వెళ్లినప్పుడు ఆ స్థలంలో ఓ వరంగల్ కుర్రాడు బొంగరంలా తిరుగుతున్నాడు. ఒడ్డున నిల్చుని వదిన అరుస్తోంది. ఏమని? సరిగ్గా అదే మాట. కాకపోతే తెనాలి యాసలో!

మంచు గురించి మనకి తెలియని ఇంకో సంగతి ఉంది. చలి పెరిగేకొద్దీ జారుడు పెరుగుతుందనుకుంటాం కదా? నిజానికి మైనస్ 20లో ఉన్న మంచుగడ్డ కంటే సున్నా దగ్గరున్నదే ఎక్కువ ప్రమాదం. పైన పలుచటి నీటిపొర ఉంటుంది కాబట్టి సబ్బు రాసినట్టు జారుతుంది. మధ్యాహ్నం ఎండకి కాస్త కరిగి, సాయంత్రం మళ్లీ గడ్డకట్టిన రోడ్డు మరీ మోసకారి. అద్దంలా పారదర్శకంగా ఉండి కింద తారు కనిపిస్తుంటుంది. తడి రోడ్డే కదా అని వెళ్తాం. దాన్నే బ్లాక్ ఐస్ అంటారు. అది ముందుగా కాపు కాసేది వంతెనల మీద. పైనా కిందా గాలాడుతుంది కాబట్టి మామూలు రోడ్డుకంటే వంతెన ముందు గడ్డకడుతుంది. పొడి రోడ్డు మీద ఆగే దూరంతో పోలిస్తే ఇలాంటిచోట పది రెట్లు కూడా పట్టొచ్చు. అందుకే ముందు బండికీ మనకీ ఐదారు సెకన్ల ఎడం ఉండాలంటారు. సందు కనిపిస్తే దూరిపోయే మనవాళ్లకి అంత ఖాళీ వదలడం ఎంత ప్రాణసంకటమో వేరే చెప్పాలా!

టైర్ల సంగతీ అంతే. 7 డిగ్రీల కంటే తగ్గితే మామూలు టైరు రబ్బరు బిరుసెక్కి పట్టు సడలుతుంది. చలికాలపు టైర్ల మీద మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచురేకు బొమ్మ ఉంటుంది. ఖర్చెందుకని చాలామంది కొనరు. అన్న దగ్గర నేర్చుకునేవాళ్లు మాత్రం కొనాల్సిందే. 'ఇండియాకు ఒక టికెట్ తక్కువ కొనుక్కో, టైర్లు మాత్రం కొను' అన్నది ఆయన షరతు.

కారు కదిలేలోపే సగం పని ఉంటుంది. కప్పు మీది మంచంతా చీపురుతో తోసేయాలి. లేకపోతే బ్రేక్ వేసినప్పుడు గంపెడు మంచు ముందు అద్దం మీదికి జారిపడుతుంది. అద్దం మీది గడ్డని గీకుడుకర్రతో గీకాలి. తొందరలో మరిగిన నీళ్లు పోస్తే అద్దం పగలొచ్చు. చలికి బ్యాటరీ నీరసిస్తుంది. డిక్కీలో పార, దుప్పటి, టార్చి, తినడానికేమైనా, చక్రాల కింద చల్లడానికి ఇసుక ఉండాలి. వదిన డిక్కీలో ఇవన్నీ పోను ఓ డబ్బాడు జంతికలు కూడా ఉన్నాయి. మంచులో ఇరుక్కుపోతే కారు దిగి నడవకూడదు, ఇంజన్ గంటకి పది నిమిషాలు వేసుకుని లోపలే ఉండాలి. దానికి ముందు వెనక పొగగొట్టం దగ్గర మంచు తీసేయడం మరవకూడదు. అది మూసుకుపోతే విషవాయువు లోపలికొచ్చి ప్రాణాలే పోతాయి.

ఉప్పు గురించి కూడా చెప్పాలి. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మైనస్ 9 దాటితే అదీ సరిగా పనిచేయదు. కార్లకి తుప్పు పట్టిస్తుంది. కరిగి చెరువుల్లోకి చేరితే మళ్లీ తీయడం సాధ్యం కాదు. ఒక్క చెంచా ఉప్పు 19 లీటర్ల నీటిని పాడుచేస్తుందని అక్కడి కాలుష్య నియంత్రణ సంస్థ హెచ్చరిస్తుంటుంది. పదివేల చెరువుల రాష్ట్రమని పేరున్న చోట ఇది చిన్న విషయం కాదు.

అన్నట్టు, ఆ చెరువుల మీద కూడా కార్లు నడుపుతారు! చేపలు పట్టడానికి వెళ్లేవాళ్ల సరదా. మనిషి నడవడానికి 4 అంగుళాల మందం, చిన్న కారుకి 9 నుంచి 10 అంగుళాలు ఉండాలని లెక్క. అంత ఉన్నా పూర్తి భద్రమని ఎవరూ చెప్పరు. పొరపాటున గడ్డ విరిగితే వెంటనే బయటపడేందుకు కిటికీ అద్దాలు దించి, సీటుబెల్టు తీసేసి వెళ్లమంటారు. 'ఆ చేపలు నాకొద్దు' అని దండం పెట్టేసింది వదిన.

ఇంతకీ ఆమె నేర్చుకున్న చదువు అక్కరకొచ్చింది రెండో చలికాలంలో. అన్నయ్య ఆఫీసు పని మీద షికాగోలో ఉన్నాడు. రాత్రి పదకొండింటికి పాపకి దగ్గు మొదలైంది. కుక్క మొరిగినట్టు దగ్గు, గాలి పీలుస్తుంటే ఈల శబ్దం. ఫోన్లో నర్సు విని, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకురమ్మంది. బయట చూస్తే ఎడతెరిపి లేని మంచు. అన్న కుటుంబం ఊళ్లో లేదు. పాపని వెనక సీట్లో కట్టి, కప్పు మీది మంచు తోసి, బయల్దేరింది. హారన్ లేదు, తొందర లేదు. గంటకి పాతిక మైళ్లు. మధ్యలో ఒక్క మలుపులో వెనకభాగం పక్కకి జారింది. 'కాలు లేచిపోయింది. ఎప్పుడు లేచిందో నాకే తెలీదు. రోడ్డు వంకే చూశాను, బండి దార్లో పడింది' అంది.

హైవే ఎక్కాక ఇంకో అదృష్టం. ముందు పసుపుదీపాలు మిణుకుమిణుకుమంటూ మంచు తోసే బండి ఒకటి పోతోంది. స్నోప్లౌ అంటారు దాన్ని. గంటకి 30 మైళ్లు దాటదు. కొత్తవాళ్లు విసుక్కుని దాన్ని దాటేయాలని చూస్తారు. దాని వెనకే ఎడంగా ఉండిపోవడం కంటే సుఖం లేదంటారు అనుభవం ఉన్నవాళ్లు. మన కోసమే రోడ్డు ఊడ్చుకుంటూ వెళ్తుంటే దాటడం ఎందుకు? ఆసుపత్రి మలుపు వచ్చేదాకా వదిన దాని వెనకే వెళ్లింది. అక్కడికి చేరేసరికి పాప దగ్గు సగం నెమ్మదించింది. ఇలాంటి దగ్గుకి చల్లగాలి తగిలితే కొంత ఉపశమనం ఉంటుందని డాక్టరు చెప్పాడట.

ఈ బండ్లకి పేర్లు పెట్టమని అక్కడి రవాణా శాఖ జనాన్ని అడుగుతుంది. 2021లో మొదటిసారి ఓట్లు వేస్తే ప్లౌవీ మెక్‌ప్లౌఫేస్ గెలిచింది. మరుసటి ఏడాది, అప్పుడే కన్నుమూసిన హాస్యనటి బెట్టీ వైట్ పేరు మీద బెట్టీ వైటౌట్. 2023లో గెలిచినవాటిలో క్లియరోపాత్రా ఒకటి! దారి క్లియర్ చేసే క్లియోపాత్రా అన్నమాట.

ఆ రాత్రి తన ముందు నడిచిన బండికి పేరుందో లేదో వదిన చూడలేదు. వెనకంతా మంచు కప్పేసి ఉందట.