చెన్నపురిలో బర్మా భోజనము

పరదేశమును చూడవలెనన్న ఓడ యెక్కవలెనను మాట పూర్తిగా నిజము కాదు. రేవుపట్టణములలో దేశాంతరములే మన చెంతకు వచ్చి నిలిచియుండును. చెన్నపురిలో బీచి రైల్వే స్టేషనుకు సమీపమున, హార్బరు కెదుట, బర్మా బజారని యొక అంగళ్ళ వరుస కలదు. బర్మానుండి తిరిగి వచ్చినవారి జీవనార్థమై అది 1969లో ఏర్పడినది. ఇప్పుడచ్చట సెల్‌ఫోనులు, విద్యుత్సామగ్రి, అత్తరులు అమ్ముచున్నారు. బర్మా యనునది పేరునందే మిగిలినదని చూపరులకు తోచును. కాని దాని వెనుకనున్న సెకండు లైను బీచి వీథిలోనికి పోయినచో, ఆ దేశము పేరునందే గాక రుచియందును నిలిచియున్నదని తెలియును.

గడచిన వేసవిలో మేము మా యాడుబిడ్డతో కూడ ఆ వీథికి వెళ్ళితిమి. పగలు పండ్రెండున్నర గంటలైనది. రేకుల కప్పు క్రింద ఒక పొడుగుపాటి బల్ల. దానిమీద అద్దపు పెట్టె, స్టీలు గిన్నెలు. ఈవల నాలుగైదు ప్లాస్టిక్ స్టూళ్ళు. హార్బరు కూలీలు, బ్యాంకు గుమాస్తాలు, కాలేజీ పిల్లలు పళ్ళెములు చేతబట్టుకొని నిలువుకాళ్ళమీదనే తినుచుండిరి. "వదినా, ఇందరు మగవారి నడుమ వీథిలో కూర్చుండి తినుటెట్లు?" అని మా యాడుబిడ్డ సంకోచించెను. బల్లవెనుకనున్న పెద్దామె మా ముఖములు చూచియే గ్రహించెను కాబోలు, మూలనున్న రెండు స్టూళ్ళు తుడిచి మాకు చూపి, అచ్చట నిలిచిన కుఱ్ఱవాండ్రను ప్రక్కకు జరుగుమనెను. వారు మాఱుమాటాడక జరిగిరి.

అచ్చటి ముఖ్యపదార్థమునకు అత్తో యని పేరు. బర్మా భాషలో 'థోక్' అనగా చేతితో కలుపుట. ఆ మాటయే సముద్రము దాటి వచ్చి అత్తో యైనది. ఉడికించి చల్లార్చిన నారింజరంగు నూడిల్సు ఒక వెడల్పు గిన్నెలో వేసి, వానిమీద సన్నగా తఱిగిన క్యాబేజీ, పచ్చి ఉల్లిపాయ, ఎఱ్ఱగా వేచిన ఉల్లిపాయ, వేచిన వెల్లుల్లి, ఎండుమిరప పొడి, చింతపండు పులుసు, వెల్లుల్లి కాచిన నూనె, ఉప్పు వేసి ఆమె చేతితో కలిపెను. మన యిండ్లలో పెద్దవారు పులిహోర కలుపునప్పుడు అన్నము చితుకకుండ, పులుసు ప్రతి మెతుకునకు పట్టునట్లు ఎట్లు వ్రేళ్ళాడింతురో ఆమెయు నట్లే కలుపుచుండెను. గరిటెతో కలిపిన నూడిల్సు తెగునట. కట్టకడపట బేజో యను చెక్కనొకదానిని అఱచేతిలో నలిపి పైని చల్లెను. ఆ భాషలో 'పె' యనగా పప్పు, 'జో' యనగా వేచినది. చూచుటకును కొఱుకుటకును అది మన పప్పుచెక్కకు తోబుట్టువు.

దీనితో గూడ ఒక గిన్నెడు వేడి చారు ఇత్తురు. అందు అరటిదూట ముక్కలు, మిరియము, శనగపిండి యుండును. దూటను మనము పీచు తీసి, మజ్జిగలో వేసి, ఆవపెట్టి కూర చేయుదుము గాని చారుగా కాచుట యరుదు. పులుపును కారమును గల అత్తో నోటిని మండించుచుండగా ఈ చారు దానిని చల్లార్చకయే ఓదార్చును. కోడిగ్రుడ్డును చీల్చి వేచిన ఉల్లిపాయలు కూరి యిచ్చుటయు నచ్చటి వాడుక. మేము శాకాహారుల మగుటచే వలదంటిమి. ఇద్దరమును తృప్తిగా తినినను రెండువందల రూపాయలు కాలేదు.

అసలు బర్మాలో ఈ చారునకు మూలమైనది మొహింగా. అది ఆ దేశపు ప్రాతఃకాలాహారము. చేపలతోను, నిమ్మగడ్డి, అల్లము, వెల్లుల్లి, అరటిదూటలతోను కాచి, వేచిన బియ్యపుపిండితోనో శనగపిండితోనో చిక్కబఱచి, బియ్యపు నూడిల్సుమీద పోసికొందురు. కొబ్బరిపాలతో చేయు ఖౌస్వే వేఱొకటి. మనము కాచి త్రాగు టీ యాకును వారు పులియబెట్టి, నువ్వులు, వేరుసెనగలు, వేచిన వెల్లుల్లి కలిపి తిందురు. దానికి లఫె యని పేరు. అతిథికి మనము తాంబూల మిచ్చునట్లు వారు లఫె యిత్తురు. చెన్నపురి అంగళ్ళలో ఇవి యన్నియు దొరకవు. మేము తినిన అంగడిలో చారునుండి చేప తొలగినది, చింతపండు హెచ్చినది. పుట్టినింటి వంట అత్తవారింట కొంత మాఱక తప్పదు గదా!

జనము పలుచనైన పిమ్మట ఆ పెద్దామె మాతో మాటాడెను. ఆమె తమిళ వనిత, పుట్టినది రంగూనులో. ఏడేండ్ల ప్రాయమున, 1965లో, తల్లితో ఓడలో వచ్చినదట. తండ్రి కొట్టు అంతకు ముందేడు పోయినది. తల్లి మొదట తోపుడుబండిమీద అత్తో అమ్మి నలుగురు బిడ్డలను పెంచినది. మేము తెలుగువారమని విని ఆమె నవ్వి, "బువ్వ తిన్నావేటమ్మా?" అనెను. మేము తెల్లబోతిమి. రంగూనులో వారి ప్రక్కవాటాలో శ్రీకాకుళమువైపు ముసలమ్మ యొకతె యుండెడిదట. దినదినము ఈ పిల్లను ఆ మాటయే అడిగెడిదట. తెలుగులో ఆమెకు వచ్చినది ఆ యొక్క వాక్యమే. అర్ధశతాబ్దికి మించి అది ఆమె నాలుకపై చెడకున్నది. "అక్కడ మమ్మును కళా యనిరి, ఇక్కడికి వచ్చిన తరువాత బర్మావాండ్రనిరి. ఈ గిన్నె ముందు నిలుచున్నప్పుడు మాత్రము ఎవరును ఏమియు అడుగరమ్మా, ఇంకొక పళ్ళెము పెట్టుమందురు" అని యామె తమిళమున చెప్పెను. కళా యనునది బర్మీయులు మనవారికి పెట్టిన పేరు.

రంగూనును మనవారు రంగమనిరి. 1937 ఏప్రిలు 1వ తేదీ వఱకు బర్మా హిందూదేశములో నొక భాగముగ పాలింపబడినది. కాకినాడ, విశాఖపట్టణము రేవులనుండి మన బీదజనులు వేలకొలది స్టీమర్లెక్కి వడ్లమిల్లులలోను, రంగూను రేవులోను మూటలు మోసిరి. గోదావరీముఖమునందలి కోరంగి రేవు పేరునుబట్టి అచ్చట తెలుగు కూలీలకు కోరంగీలని పేరు వచ్చినది. 1930 మేనెలలో ఆ రేవునందు తెలుగు కూలీలకును బర్మీయులకును జరిగిన కొట్లాటలలో పలువురు మడిసిరి. 1941 డిసెంబరు 23వ తేదీన జపానువారు రంగూనుపై బాంబులు వేయగా, ఆ మఱుసటి యేట లక్షలకొలది జనులు అడవులును కొండలును నడిచి వచ్చిరి. దారిలో రాలినవారి పేర్లు వ్రాసినవారు లేరు. నిలిచినవారిలో అనేకులు, 1962లో సైనికప్రభుత్వము వచ్చి 1964లో అంగళ్ళను జాతీయము చేసిన తరువాత, ఓడలలో చెన్నపురికిని విశాఖకును చేరిరి. విశాఖలో కంచరపాలెముచెంత బర్మా క్యాంపను పేట అట్లు ఏర్పడినదే.

మన పాతయిండ్లలో బర్మాటేకు ద్వారబంధమును చూపి గర్వముగా చెప్పుకొందుము. ఆ దేశమునుండి కొయ్య వచ్చిన మాట మనకు జ్ఞాపకమున్నది. మనుష్యులు వచ్చిన మాట మఱచుచున్నాము. ఉత్తరాంధ్రమునను గోదావరీతీరమునను ఏ యింటనైన 'రంగము బామ్మ' యున్నయెడల సోదరీమణులు ఆమె చెంత కూర్చుండి, అచ్చట ఏమి వండితిరి, ఎవరితో పంచుకొంటిరని అడిగి వ్రాసి యుంచవలెను. వంట వ్రాసికొనుట తేలిక. మెల్లగా ఆ వంటవెంబడి వీథి వచ్చును, ఇరుగుపొరుగు వత్తురు, ఓడ వచ్చును. రాజ్యముల చరిత్ర గ్రంథములలో నున్నది; ఈ చరిత్ర మాత్రము ముసలివారి నోటనే యున్నది, వారితోడనే పోవును.