యూరప్‌కి ముందు... ఫలక్‌నుమా!

గూడూరు నుంచి పారిస్ వెళ్లాలన్నా మొదటి మజిలీ కర్నూలే. ఆ తర్వాత హైదరాబాద్. షెంగెన్ వీసాకి వేలిముద్రలు ఇవ్వాలిగా మరి! తొలిసారి వెళ్లే కుటుంబం చేతులు కాల్చుకునేది ఇక్కడే. వీసా రాకముందే స్టార్ హోటళ్లకు డబ్బంతా కట్టేస్తే ఎలా? దరఖాస్తుకు బస వివరాలు చూపాలి, నిజమే. రద్దు చేసుకుంటే సొమ్ము తిరిగొచ్చే బుకింగ్ అయితే బెంగ ఉండదు. 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకు వీసా రుసుమే 90 యూరోలు. వీసా రాకపోతే అదీ పోయినట్లే.

వీసా పని అయ్యాక ఓ పూట మిగిలితే పాతబస్తీకి దక్షిణాన, కొండమీది ఫలక్‌నుమా చూడాలి. 1884లో పైగా నవాబు వికారుల్ ఉమ్రా మొదలుపెట్టిన కట్టడం. ఇటలీ పాలరాయి, ఇంగ్లండులోని విండ్సర్ కోటను చూసి చేయించారని చెప్పే గ్రంథాలయం, 101 మంది కూర్చునే భోజనాల బల్ల... ఈ హంగులకే నవాబు అప్పులపాలయ్యాడంటారు. చివరికి ప్యాలెస్ ఆరో నిజాం చేతికి వెళ్లింది. 2010 నుంచి తాజ్ హోటల్. గది అద్దె సామాన్యం కాదు. అంత వద్దనుకుంటే జేడ్ రూమ్‌లో సాయంత్రం టీ ఉంది. ముందే బుక్ చేసుకోవాలి, ఊరికే వెళితే గేటు దాటనివ్వరు.