బీరువా తాళం, రెండు కోట్ల పసుపు రంగు

మా జహీరాబాదు అంటే మా టీంలో వాళ్ళకి తెలిసింది ముంబై హైవే, మహీంద్రా ట్రాక్టర్లు, చెరకు లారీలు... అంతే. అక్కడే ఒక సర్కారు బడిలో (పేరెందుకు లెండి) నేను పదో తరగతి దాకా చదివాను. పోయిన నెల మేం నలుగురం తలా కొంత వేసుకుని ఆ బడి లైబ్రరీకి రంగులు వేయించొచ్చాం. ప్లాను పక్కా: లేత పసుపు గోడలు, ఒక గోడ మీద చెట్టు, కొమ్మకో కోతి. ఎక్సెల్ షీటు కూడా ఉంది, అది లేకుండా మనం ఏ పనీ మొదలెట్టం కదా :)

గది తలుపు తీయగానే తెలిసిపోయింది, సమస్య రంగు కాదని. కిటికీలు రెండు. రెండిటికీ అడ్డంగా ఇనుప బీరువాలు, బీరువాలకి తాళాలు. వాటిని పక్క గోడకి జరిపాక వచ్చిన వెలుగు, తర్వాత వేసిన రెండు కోట్ల పసుపుతో కూడా రాలేదంటే నమ్మండి.

తాళాలెందుకు సార్ అని అడిగితే ఇన్‌ఛార్జి సారు నన్ను ఎగాదిగా చూసి, "పుస్తకం పోతే లెక్క ఎవరు చెప్పాలె నాయనా?" అన్నారు. ఆయన్ని తప్పు పట్టలేం. స్టాకు రిజిస్టరు ఆయన పేరు మీద ఉంటుంది. బదిలీ అయితే ఒక్కొక్కటీ లెక్కపెట్టి అప్పగించాలి. పిల్లలు చదివితే మెప్పేం రాదు, పోతే మాత్రం సంజాయిషీ. ఇలాంటి అప్రైజల్ పద్ధతిలో నేనున్నా తాళమే వేస్తాను. పుస్తకాలున్నది వాడుకోవడానికేనని రంగనాథన్ గారు 1931లోనే మొదటి సూత్రంగా రాసి పెట్టారు కానీ, ఆడిటు వాళ్ళు అది చదివినట్టు లేరు.

మా జిల్లాలోనే జోగిపేటలో 1930లో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదటి ఆంధ్రమహాసభ జరిగింది. నిజాం రాజ్యంలో తెలుగు గ్రంథాలయం పెట్టడమంటేనే తిప్పలు పడాల్సిన రోజులవి. వాళ్ళు చూస్తే ఈ తాళాలకి ఏమనేవారో.

ఇక్కడ నా సంగతొకటి చెప్పాలి. ఏడో తరగతిలో తనిఖీ ఉందని బీరువాలు దులపడానికి మమ్మల్ని పిలిచారు. రష్యా బొమ్మల కథల పుస్తకం ఒకటి చొక్కా కింద పెట్టుకుని ఇంటికి తెచ్చేసుకున్నా. మా క్లాసుకి అడిగి తీసుకునే పద్ధతి లేదు. తీరా చదివాక తిరిగి పెడదామంటే మళ్ళీ తాళం!

మొన్న పాత రిజిస్టరు తిరగేస్తే ఆ పుస్తకం ఎదురుగా ఎర్ర ఇంకుతో "లేదు", పక్కన అప్పటి సారు సంతకం. అంతకుముందు పదో తరగతి వాళ్ళకి అప్పుడప్పుడు పుస్తకాలిచ్చేవారట. ఆ తర్వాత ఇష్యూ పేజీలన్నీ ఖాళీ. నా వల్లేనా? ఏమో. ఆ సారు రిటైరయిపోయారు. డబ్బు ఆయన జేబులోంచి కట్టారో లేదో అడగడానికి ఇప్పుడు నాకు మొహం చెల్లడం లేదు.

దాంతో కోతుల బొమ్మలు ఆపేసి, ఆ డబ్బుతో కూడా పుస్తకాలే కొన్నాం. మంచి పుస్తకం వాళ్ళవి, నేషనల్ బుక్ ట్రస్టువి, ఉర్దూలో కొన్ని. మా ఊళ్ళో ఇంట్లో ఉర్దూ, కన్నడం, లంబాడీ మాట్లాడే పిల్లలు బోలెడుమంది, లైబ్రరీ మాత్రం ఒక్క తెలుగులోనే ఉంటే ఎలా? కిటికీ కింద పిల్లల ఎత్తులో తాళ్ళు కట్టి, బట్టల క్లిప్పులతో పుస్తకాలు అట్ట కనబడేలా తగిలించాం. కింద జంపఖానా. ఖర్చు లేని పని, కానీ పిల్లలు ముందు అక్కడికే పరిగెత్తారు. ఒక పాప దూరంగా నిలబడి, "అన్నా, ముట్టుకోవచ్చా?" అంది.

అసలు పని మాత్రం ఒక కాగితంతో అయింది. కొత్త పుస్తకాలు స్టాకు రిజిస్టరుకెక్కవు, పిల్లలే నోటుబుక్కులో రాసుకుని ఇంటికి పట్టుకెళ్తారు, పోతే ఎవరూ బాధ్యులు కారు అని దాతలుగా మేం సంతకాలు పెట్టిచ్చాం. మన సాఫ్టువేరు లైసెన్సుల్లో ఏం జరిగినా మాది పూచీ కాదని ఉంటుంది చూడండి, దాన్ని తిరగేశామన్నమాట. అది ఫైల్లో పెట్టుకున్నాకే సారు మొహంలో నవ్వు చూశాను. పాత బీరువాలకి తాళాలు మాత్రం అలాగే ఉన్నాయి.

మొన్న ఆదివారం సారు ఫోను. మూడు పుస్తకాలు కనబడటం లేదట, గొంతులో కంగారు. కాగితం ఉంది కదా సార్ అన్నాను. "ఉందిలే నాయనా, అయినా చెప్పాలె గదా" అన్నారు.

నా దగ్గరున్నది వచ్చే శనివారం పట్టుకెళ్తున్నా. ఆయనకింకా చెప్పలేదు.